అబూ నాయిఫ్ మతిమరుపు

ఫిబ్రవరి 11, సోమవారం

ఈరోజు పాలు బాగా వచ్చాయి. ఈ ఏడు వానలు ముందే పడ్డాయి, కొండ మీద గడ్డి లేచింది. గొర్రెల కాపరి రెండు పెద్ద క్యాన్లు దింపి పోయాడు. అంతా తోడు పెట్టాను. చిలికే మిషను ఎందుకో గరగరలాడుతోంది, బెల్టు మార్చాలి.

మధ్యాహ్నం కోర్టు నుంచి ఒకతను వచ్చి తలుపు కొట్టాడు. తీయలేదు.

ఫిబ్రవరి 12

మళ్ళీ వచ్చాడు. ఖితామ్ వదిన ప్రహరీ అవతలి నుంచే సైగ చేసింది, తీయవద్దని. కాగితం చేత్తో పుచ్చుకోకపోతే అందనట్టే లెక్కట, మా కరక్ పట్నంలో అందరూ చేసే పని అదేనట. మా ఆయన ముత్లక్‌కి అక్క కాబట్టి ఆవిడ మాట నేను తీసెయ్యలేను. నా కూతురు రావియాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని నోటి మీద చెయ్యి పెట్టి, సొంత ఇంట్లో దొంగలా నక్కి కూర్చున్నాను. అతను కాసేపు తట్టి, కాగితాన్ని తలుపుకి అంటించి, ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

అబూ నాయిఫ్ దుకాణం వాళ్ళు నా ప్రామిసరీ నోటు కోర్టులో వేశారు. చిలికే మిషను, పెద్ద ఫ్రీజరు, రెంటికీ కలిపి పద్నాలుగు వందల దీనార్లు. ఒక్క దీనారు కూడా కట్టనట్టే రాశారు. ఏడు రోజుల్లో కట్టాలి, లేదంటే వెళ్ళి అభ్యంతరం చెప్పుకోవాలి. రెండూ చెయ్యకపోతే మూడు నెలలు జైలు.

ఎవరో పొరపాటు పడ్డారు. మేం అన్నీ కట్టేశాం.

ఫిబ్రవరి 13

దుకాణానికి వెళ్ళాను. పెద్దాయన అబూ నాయిఫ్ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఎడమ చెయ్యి ఒళ్ళోనే పడి ఉంటోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "రా తల్లీ. ముత్లక్ రాలేదేం? బండి ఎక్కడ పెట్టాడు?" అన్నాడు.

ముత్లక్ అక్టోబరులో పోయాడు. పరామర్శ జరిగిన మూడు రోజులూ ఈయన మా ఇంట్లోనే కూర్చున్నాడు, చేదు కాఫీ తాగుతూ. కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది. కుడిచేత్తో ముఖం తుడుచుకుని, దేవుడు కరుణించుగాక అన్నాడు.

లోపల కొడుకు నాయిఫ్. వాడికి తండ్రి ముక్కు వచ్చింది, మర్యాద రాలేదు. దుకాణం లెక్కలన్నీ నాన్న బుర్రలోనే ఉండేవని, ఆ బుర్ర ఇప్పుడు పనిచెయ్యడం లేదని, అందుకే పెట్టెలో దొరికిన నోట్లన్నీ తీసి కోర్టులో వేశానని చెప్పాడు. ఖాళీ నోటు మీద నా సంతకం ఉంది, అంకె వాడు వేసుకున్నాడు. కట్టానంటే రసీదు చూపించమన్నాడు.

అబూ నాయిఫ్‌ని రసీదు అడిగిన మనిషి ఈ ఊళ్ళో ఉన్నాడా? అడిగితే ఆయన్ని మొహం మీదే దొంగ అన్నట్టు. ఆయన పద్ధతి వేరు. ఆఖరి వాయిదా కట్టిన రోజున నోటు మన కళ్ళెదుటే చించి, టీ తాగించి పంపేవాడు. అదే సంగతి చెప్పాను నాయిఫ్‌కి.

"మరి నీ నోటు ఎందుకు చించలేదమ్మా?" అన్నాడు.

ఆ రోజు ముత్లక్‌కి తీరిక లేక ఆగి ఉండడు. డబ్బు చేతిలో పెట్టి బండెక్కి ఉంటాడు. అతని సంగతి నాకు తెలియదా.

ఫిబ్రవరి 15

శుక్రవారం. ఎక్కడికీ వెళ్ళలేదు. ఉప్పు తక్కువైంది, రేపు తేవాలి.

ఫిబ్రవరి 17

ఆడవాళ్ళకి ఉచితంగా సలహా చెప్పే సంఘం ఒకటి ఆస్పత్రి రోడ్డులో ఉందంటే వెళ్ళాను. లాయరమ్మ పేరు నిస్రీన్. నాకన్నా చిన్నది, నాలుక మాత్రం నాకన్నా పదును. నోటీసు చూసి, నా వంక చూసి, దాక్కుంటే చెల్లదని మీకెవరు చెప్పారని అడిగింది. తలుపుకి అంటించినా చేతికిచ్చినట్టేనట. ఇంకో రెండు రోజులు ఆలస్యం చేసి ఉంటే అరెస్టు కాగితంతోనే వచ్చేవాళ్ళట. వదిన సలహా వింటే నా గతి అదీ.

"ఖాళీ నోటు మీద సంతకం పెట్టారా?"

"అందరూ పెడతారు కదమ్మా."

"అందరూ తర్వాత నా దగ్గరికే వస్తారు" అంది.

ఒళ్ళు మండింది. కానీ ఇంకెవరున్నారు నాకు?

ఎంత కట్టారని అడిగింది. అంతా, అన్నాను. అలాగే రాసుకుంది.

బాకీ వంద దీనార్లు దాటితే సాక్షుల మాట కోర్టులో చెల్లదట, రాతపూర్వకంగా రుజువు ఉండాలట. అది లేనివాళ్ళకి చట్టం ఒకే ఒక్క దారి మిగిల్చిందట. ఎదుటివాణ్ణి దేవుడి మీద ప్రమాణం చెయ్యమని అడగచ్చు. అబూ నాయిఫ్ తనకి బాకీ ముట్టలేదని ప్రమాణం చేస్తే నేను ఓడిపోయినట్టే, పై కోర్టుకి వెళ్ళడానికీ ఉండదు. చెయ్యనంటే నేను గెలిచినట్టు. "ఇంకోటి ఉంది, జాగ్రత్తగా వినండి" అంది. "ఆయన ఆ ప్రమాణాన్ని మీకే తిప్పి పంపచ్చు. అప్పుడు మీరు చెయ్యాలి. చెయ్యకపోతే మీరు ఓడినట్టు."

తిప్పితే తిప్పనివ్వండి, నాకేం భయమన్నాను. అభ్యంతరం ఈరోజే దాఖలు చేసింది. ప్రమాణం వాయిదా దాకా అరెస్టు ఉండదు. బయటికొచ్చి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మార్చి 2

పాలు బాగున్నాయి. పెరుగుని ఉండలు కట్టి, గట్టి జమీద్ అయ్యేదాకా ఎండాలని మేడ మీద పెట్టాను. మొదటి విడత జమీద్ తెల్లగా వచ్చింది. ఈ నాలుగు నెలల సంపాదనతోనే ఏడాదంతా గడవాలి. నేను లోపలికి వెళ్తే ఈ పెరుగంతా పులిసి పురుగు పడుతుంది.

మార్చి 9

మజ్జిగ విరగ్గొట్టాను. వడకట్టే గుడ్డ చిరిగింది.

మార్చి 10

అన్నీ కట్టేశాం.

మార్చి 14

ఈరోజు కుదురుగా లెక్క వేశాను. మొదటి సగం నేనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాను, పెద్దాయన అరచేతిలో. పైగా రెండుసార్లు జమీద్ కూడా ఇచ్చాను, ఆయన దాన్నీ వాయిదాలో కలుపుకున్నాడు. కిందటి రంజాన్ నుంచి ముత్లక్ తీసుకెళ్ళేవాడు, బండి అటే పోతుంది కదా అని. ఒకటో తారీఖున కవరు అతని చొక్కా జేబులో పెట్టింది నేనే. ఒక్క నెల కూడా తప్పలేదు.

పాపం, ఆ వేసవిలోనే అతనికి కాళ్ళు వాచడం మొదలైంది. అయినా అన్నీ వేళకే చేసేవాడు. ఇంజెక్షన్లు కూడా తనే తెచ్చుకునేవాడు, అమ్మాన్‌లో ఎవరో ధర్మాత్ములు ఉచితంగా ఇస్తున్నారని. ఆ ధర్మాత్ముల పేరు నేనెప్పుడూ అడగలేదు.

మార్చి 21

అమ్మల పండుగ. రావియా కాగితంతో పువ్వు చేసి తెచ్చింది. అన్నం తింటూ అడిగింది, "అమ్మా, జైల్లో నిన్ను చూడ్డానికి శుక్రవారం రానిస్తారా, లేకపోతే బడి మానేసి రావాలా?"

ఎవరు చెప్పారంటే క్లాసులో ఎవరో చెప్పారంది. ఊరికి తెలిసిపోయిందన్నమాట. నవ్వి, అదంతా దుకాణం వాళ్ళ పొరపాటని చెప్పాను. అది నమ్మింది. నా మాట అయితే అది ఏదైనా నమ్ముతుంది.

ఏప్రిల్ 4

నాయిఫ్ మనిషిని పంపాడు, మిషను ఏ స్థితిలో ఉందో చూసి రమ్మని. గడప తొక్కనివ్వలేదు. పాలక్యానుతో కొడతానన్నాను, కొట్టేదాన్నే.

ఏప్రిల్ 19

వాయిదా తేదీ వచ్చింది. మే 14. రంజాన్‌లో పడింది. ఉపవాసం ఉన్న నోటితో అబూ నాయిఫ్ అబద్ధం ఆడడు, అది నాకు బలమే అన్నాడు నిస్రీన్ దగ్గర పనిచేసే గుమస్తా. నిజమే. నిజమే.

ఏప్రిల్ 28

వదినా నేనూ మేడ మీద ఉండలు తిరగేస్తున్నాం. ఆవిడకి మొదట్నుంచీ నోరు ఆగదు, ఈరోజు కూడా ఆగలేదు. మందుల ధరలు మళ్ళీ పెంచారట, ఆవిడ మోకాలి బిళ్ళలకే పది దీనార్లయిందట. "ముత్లక్ ఎలా తట్టుకున్నాడో ఆ ఇంజెక్షన్లకి" అంది. "సీసా నూట నలభై దీనార్లు. నేనే వెంట వెళ్ళేదాన్ని ఫార్మసీకి."

ఉచితంగా ఇచ్చారు కదా అన్నాను.

వదిన చేతిలో ఉండ చేతిలోనే ఆగిపోయింది. "నీకు చెప్పలేదా వాడు? నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ఫిద్దా, నీకు చెప్పనని. చెప్పే వెళ్ళాడనుకున్నాను."

నెలకో సీసా. నూట నలభై దీనార్లు. నెలనెలా కవరులో నేను పెట్టింది సరిగ్గా అంతే.

ఏప్రిల్ 29

వదిన తప్పుగా గుర్తుపెట్టుకుని ఉండచ్చు. ఆవిడకి అన్నీ ఎక్కువ చేసి చెప్పడం అలవాటు.

ఏప్రిల్ 30

కోపమొస్తోంది. ముత్లక్, నీ మీదే. నాతో ఒక్క మాట అంటే ఏం పోయేది? గాజులు అమ్మేదాన్ని. ఫ్రీజరు వెనక్కి ఇచ్చేదాన్ని. నీ ప్రాణం కోసం డబ్బు వాడుకున్నందుకు నేనేమైనా అనేదాన్నా? బరువంతా నీ జేబులో పెట్టుకుని నవ్వుతూ తిరిగావు, ఇప్పుడది నా మెడకి చుట్టి పోయావు. నిన్ను తిడుతూ ఏడుస్తున్నాను, ఏడుస్తూ మజ్జిగ కాస్తున్నాను.

మే 5

రేపటి నుంచి ఉపవాసాలు. నిస్రీన్‌కి ఫోన్ చేశాను. కొన్ని నెలలవి కట్టారో లేదో నాకు ఖాయంగా తెలియదనుకోండి, అప్పుడేం చెయ్యాలి అని అడిగాను, పక్కింటావిడ కేసులా. అంతా కట్టామని దాఖలు చేసిన మనిషి ఇప్పుడు మాట మారిస్తే జడ్జి కట్టినవి కూడా నమ్మడట. మిగిలిన సగానికైనా డబ్బు కట్టాల్సిందేనట, కట్టలేకపోతే మళ్ళీ అదే జైలు. "ఆ పక్కింటావిడకి ఏం గుర్తుందో ఆవిడే తేల్చుకోవాలి, నేను చెప్పకూడదు" అంది. ఫోన్ పెట్టేసింది.

ఆ సగం డబ్బు నా దగ్గర లేదు. ఉన్నదంతా పాలకి పోసేశాను, జమీద్ ఇంకా ఎండలోనే ఉంది. రంజాన్ అయ్యాకగానీ అమ్ముడుపోదు.

మే 9

పెద్దాయన ప్రమాణం చెయ్యనంటాడు. దేవుడంటే భయమున్నవాడు, పెద్దమనిషి, సగం సగం గుర్తున్న విషయం మీద దేవుడి పేరు పెట్టడు. ఆయన చెయ్యనంటే నేనేమీ చెయ్యకుండానే గెలుస్తాను. నా నోటితో నేను ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

అలాగే జరుగుతుంది.

మే 13

తెలిసి తెలిసి చేసే అబద్ధపు ప్రమాణానికి ఒక పేరుంది. మనిషిని నిలువునా ముంచే ప్రమాణం అంటారు. చిన్నప్పుడు ఖురాన్ నేర్పిన పంతులమ్మ ఆ పేరు చెప్పి మా చెవులు మెలిపెట్టేది.

రావియా నిద్రపోతూ కూడా నా కొంగు వదలడం లేదు. వదిన ఇంట్లో ఉంచితే ఎలా ఉంటుంది మూడు నెలలు? వదిన మంచిదే. వదిన మొగుడు మంచివాడు కాదు. ఇంతకన్నా రాయలేను.

మే 14, మంగళవారం

కోర్టుకి వెళ్ళొచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చిన్న గది. ఫ్యాను తిరుగుతోంది. అందరి పెదాలూ ఎండిపోయి ఉన్నాయి. నాయిఫ్ తండ్రిని భుజం పట్టుకుని నడిపించి తెచ్చాడు. పెద్దాయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఈరోజు తేటగా ఉన్నాడు. జడ్జి పేరు పెట్టి పిలిచి, ఈమె మీకు బాకీ ఉందని ప్రమాణం చేస్తారా అని అడిగాడు. నాయిఫ్ ఆయన చెవిలో ఏదో అన్నాడు. పెద్దాయన వాణ్ణి మోచేత్తో పక్కకి జరిపాడు.

"అయ్యా, నాకొకటి గుర్తుంది. కానీ ఈమధ్య నా గుర్తు మీద నాకే నమ్మకం లేదు. చచ్చిపోయినవాళ్ళు ఏరని అడుగుతున్నాను. ఈ తలకాయని నమ్ముకుని దేవుడి పేరు ఎత్తలేను." అంతవరకూ నేను ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నాను. అప్పుడు నా వైపు తిరిగాడు. "ఆమెనే చెయ్యమనండి. ముత్లక్ భార్య అబద్ధమాడదు. ఆమె ఏది చెబితే అదే నాకు గుర్తున్నట్టు."

నాయిఫ్ తల పట్టుకున్నాడు. నిస్రీన్ నా వైపు చూడలేదు, కాగితాలు సర్దుకుంటోంది.

జడ్జి ఒక్కో ముక్కా చెబుతుంటే నేను వెనక అన్నాను. మిషను, ఫ్రీజరు ధర మొత్తం ముట్టజెప్పామని, నా మీద ఆయనకి ఏ బాకీ లేదని, మహోన్నతుడైన అల్లా మీద ప్రమాణం చేస్తున్నానని. గొంతు వణకలేదు. వణుకుతుందనుకున్నాను. రావియా చెయ్యి నా చేతిలో ఉన్నట్టే అనిపించింది, అది బడిలో ఉంది అప్పుడు.

గెలిచాను.

మే 15

సీజను అయ్యాక ఆ డబ్బు లెక్క చూసి ధర్మం పెట్టెలో వేస్తాను. మొదటి సగం నిజంగానే కట్టాం కదా. నాయిఫ్ మాత్రం మొత్తం అడగలేదా? వాడిది అబద్ధం కాదా? పైగా కవర్లు పెట్టింది నేనే. నా వైపు నుంచి నేను కట్టినట్టే.

మే 16, గురువారం

ఉపవాసం విడిచే వేళకి కాస్త ముందు తలుపు కొట్టారు. ఈసారి తీశాను. అబూ నాయిఫ్, వెనక నాయిఫ్. నాయిఫ్ భుజం మీద బస్తా చక్కెర, చేతిలో ఖర్జూరాల పెట్టె. లోపలికి రమ్మనక తప్పలేదు. వదిన కూడా వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది.

పెద్దాయన కూర్చోలేదు. కొడుకుని ముందుకి నెట్టి, చెప్పరా అన్నాడు. నాయిఫ్ నేల చూస్తూ, మిమ్మల్ని అనుమానించాను, మన్నించండి అన్నాడు. గట్టిగా చెప్పమన్నాడు పెద్దాయన. గట్టిగా చెప్పాడు. వదిన ముఖం నేను చూడలేకపోయాను. మన్నించానని అన్నాను, అనాలి కదా.

అజాన్ వినిపించింది. ఖర్జూరాలు తిన్నారు. అందరికీ కందిపప్పు సూపు పోశాను. పెద్దాయన చెంచా ముట్టుకోలేదు. నాయిఫ్ చేతులు కడుక్కోవడానికి లేచాక మెల్లగా నాకే వినిపించేట్టు మాట్లాడాడు.

"నాకు గుర్తున్నదేమిటంటే తల్లీ, ముత్లక్ ఆ నెలల్లో రాలేదని. ఒకసారి వచ్చాడు, చేతులు ఖాళీ. కాస్త గడువివ్వమన్నాడు, భార్యకి చెప్పద్దన్నాడు. నేను సరేనన్నాను. నాకు అంతా కళ్ళకి కట్టినట్టే ఉంది, అతని గొంతుతో సహా. నువ్వు ప్రమాణం చేశాక తెలిసింది, అదంతా నా బుర్ర అల్లుకున్నదని. లేనిదాన్ని ఇంత స్పష్టంగా చూస్తుంటే నాకు మతి పూర్తిగా పోయినట్టే కదా. నిన్న పెట్టె తాళంచెవి నాయిఫ్‌కి ఇచ్చేశాను. దుకాణం ముందు కూడా ఇంక కూర్చోను. దారిన పోయేవాళ్ళకి ఏం చెబుతానో ఏమో."

నా చేతిలో గిన్నె ఉంది. వంటగది గుమ్మంలో వదిన ఉంది, ఆవిడకి వినిపించిందో లేదో తెలియదు. లోపల రావియా నాయిఫ్‌కి తువ్వాలు ఇస్తోంది. మీ మతి పోలేదు మామా అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. అంటే రేపు నాయిఫ్ మళ్ళీ కోర్టుకి వెళ్తాడు, ఈసారి నోటు కోసం కాదు, నా అబద్ధపు ప్రమాణం కోసం.

పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. బతిమాలుతున్నట్టు అడిగాడు.

"ముత్లక్ డబ్బు తెచ్చిచ్చిన రోజు ఎలా జరిగిందో కొంచెం చెప్పు తల్లీ. నీతో చెప్పే ఉంటాడు కదా. వింటే నాకు గుర్తొస్తుందేమో."

చెప్పాను. సాయంత్రం వచ్చాడని, బండి ఇంజను ఆపకుండానే దిగాడని, నీలం చొక్కా వేసుకున్నాడని, ఫ్రిజ్‌ల పక్కన స్టూలు మీద కూర్చుని మీరిచ్చిన టీ తాగాడని, డబ్బు మీ కుడిచేతిలో పెట్టాడని. చెబుతుంటే నాకే ముత్లక్ కనిపించాడు, కాళ్ళ వాపు లేకుండా.

అబూ నాయిఫ్ కళ్ళు మూసుకుని విన్నాడు. తల ఊపుతూనే ఉన్నాడు.

"అవును" అన్నాడు. "నీలం చొక్కా. అవునమ్మా, ఇప్పుడు గుర్తొస్తోంది." నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత సూపు మొత్తం తాగాడు, ఇంకొంచెం పొయ్యమన్నాడు.